చారల జెర్సీ వాడి నుంచి, కంచరపాలెం మేడ మీది మోహన్ బగాన్ మిత్రులకు

అన్నలకు, తమ్ముళ్ళకు, మ్యాచ్‌లు చూడ్డానికి అడగ్గానే మేడ ఇచ్చిన బాబాయికి నమస్కారం.

గ్రూపులో పెట్టిన మెసేజ్ చూశాను. "ఈసారి మ్యాచ్‌లకి మెరూన్-గ్రీన్ జెర్సీలు మాత్రమే. ఏటీకే బ్యాచ్ ఆ ఎర్రచారలు వేసుకొచ్చి మూడ్ పాడుచెయ్యొద్దు." దాని కింద పదిహేడు బొటనవేళ్ళు. అందులో రెండు నాతో పాటు పదేళ్ళుగా మ్యాచ్‌లు చూస్తున్నవాళ్ళవి.

ఏటీకే బ్యాచ్ అంటే, 2020లో మోహన్ బగాన్‌లో కలిసిపోయిన ఏటీకే అనే కలకత్తా ఫుట్‌బాల్ జట్టు అభిమానులం. ఇప్పుడు ఎంతమంది? ఒకప్పుడు తొమ్మిది మందిమి ఉండేవాళ్ళం. ఇప్పుడు నేను, గాజువాక నుంచి బండి మీద వచ్చే ఇద్దరు. ముగ్గురి కోసం ఒక రూలు. జవాబు గ్రూపులోనే పెడదామని రెండుసార్లు టైపు చేసి చెరిపేశాను. అక్కడ రాస్తే నాలుగో లైనుకే గొడవైపోతుంది, ఎవడో ఒక నవ్వుల బొమ్మ పెడతాడు, మాట అక్కడితో పోతుంది. అందుకే కాస్త పొడుగ్గా, అందరూ చదివేలా రాస్తున్నాను.

వైజాగ్‌లో కూర్చుని కలకత్తా క్లబ్బు గురించి కొట్టుకోవడమేంట్రా అని బయటివాళ్ళు అనుకోవచ్చు. అనుకోనివ్వండి. 2003 దాకా మన వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. దాని హెడ్డాఫీసు కలకత్తా గార్డెన్ రీచ్. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనికి వెళ్ళిన కుటుంబాలు ఎన్నో. వెళ్ళినవాళ్ళు జీతంతో పాటు ఫుట్‌బాల్ కూడా ఇంటికి తెచ్చారు. మనలో సగంమందికి ఈ పిచ్చి హౌరా మెయిల్ ఎక్కి వచ్చిందే.

మా ఇంట్లో దాన్ని తెచ్చింది మా పెదనాన్న. మీ అందరికీ తెలిసినవాడే, మొదటి వరసలో నీలం ప్లాస్టిక్ కుర్చీ ఆయనదే. ముప్ఫై ఏళ్ళకు పైగా ఖరగ్‌పూర్‌లో పనిచేశాడు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే న్యూయార్క్ కాస్మోస్ తరఫున మోహన్ బగాన్ మీద ఆడిన రోజున సెలవు దొరక్కపోతే ఒంట్లో బాగోలేదని చెప్పి లోకల్ ఎక్కేశాడట. ఆ కథ మీరూ వందసార్లు విన్నారు. పీలే గురించి రెండు ముక్కలే చెప్పి, "మన హైదరాబాదు హబీబ్ గోల్ కొట్టాడ్రా" అని మాత్రం ప్రతిసారీ లేచి నిలబడి చెబుతాడు. మ్యాచ్ 2-2. ఆయన లెక్కలో మాత్రం మోహన్ బగాన్ గెలిచింది.

ఇంకోటి మీకు తెలుసో లేదో. కలకత్తాలో రొయ్య మోహన్ బగాన్‌ది, ఇలిష్ దాని పాత శత్రువు ఈస్ట్ బెంగాల్ క్లబ్బుది. ఇలిష్ అంటే మన పులసే కదా. పుస్తెలమ్మైనా పులస తినాలనే జనం మధ్య పుట్టి కూడా, రాజమండ్రి నుంచి మా చిన్నత్త పులస పులుసు పంపితే పెదనాన్న ముట్టుకోలేదు. "అది వాళ్ళ చేప" అని గిన్నె పక్కకి తోసేశాడు. అత్త ఇప్పటికీ క్షమించలేదు. మోహన్ బగాన్ గెలిచిన మర్నాడు మాత్రం తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి పోయి రొయ్యలు తెస్తాడు.

ఇలాంటి ఇంట్లో పెరిగి నేను ఏటీకే వాణ్ణి ఎలా అయ్యానని మీరు ఎప్పుడూ అడగలేదు. చెబుతాను. మోహన్ బగాన్ నాకు వారసత్వంగా వచ్చింది, తాత పొలంలాగా. నేను ఎంచుకున్నది కాదు. 2014లో ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్, మొదలైనప్పుడు అట్లెటికో డి కోల్‌కతా అని కొత్త జట్టు వచ్చింది. ఓనర్లలో గంగూలీ పేరు ఉంది, మాడ్రిడ్ క్లబ్బు పొత్తు ఉంది, ఎరుపు-తెలుపు చారల జెర్సీ ఉంది. అందరితో పాటు నేనూ మొదటిరోజు నుంచే మొదలెట్టొచ్చు. పాత కథలు రావని ఎవరూ వెక్కిరించరు.

ఆ మొదటిరోజు ఏదో గుర్తుందా? 2014 అక్టోబరు 12. కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో మా ఫిక్రూ ఐఎస్ఎల్ చరిత్రలో తొలి గోల్ కొట్టి ముంబైని 3-0తో ఓడించిన రోజు. మన ఊరి మీద హుద్‌హుద్ విరుచుకుపడిన రోజు కూడా అదే. మా వీధిలో చెట్లు, స్తంభాలు ఒకదాని మీద ఒకటి పడున్నాయి. కరెంటు లేదు, ఫోను లేదు, పాలు లేవు. నా జట్టు పుట్టిన సంగతి నాకు రోజుల తరబడి తెలియలేదు. తర్వాత ఆ గోల్‌ని మా ఆఫీసు కంప్యూటర్లో చూశాను. ఇళ్ళ మీద ఇంకా టార్పాలిన్లు కట్టి ఉన్న డిసెంబరులో, 20వ తేదీన, ఫైనల్ ఆఖర్లో కార్నర్‌కి రఫీక్ తల పెట్టి కేరళ మీద గోల్ కొట్టాడు. ఆ సంవత్సరం వైజాగ్‌లో నేను గట్టిగా అరిచి సంతోషించింది ఆ ఒక్క రాత్రే. ఇదేమీ మీతో వాదన కోసం చెప్పడం లేదు. ఒక జట్టు మనిషికి ఎప్పుడు అతుక్కుంటుందో ఎవరి చేతిలోనూ ఉండదు, అంతే.

2016లో కొచ్చిలో మళ్ళీ కేరళ మీదే పెనాల్టీల్లో రెండో కప్పు. తర్వాత మాడ్రిడ్ వాళ్ళు వెళ్ళిపోయారు, పేరు ఏటీకే అని మిగిలింది. మూడో కప్పు గురించి కాసేపాగి చెబుతాను.

2020 జనవరిలో విలీనం ప్రకటించారు. ఏటీకే ఓనర్ల గ్రూపు మోహన్ బగాన్ ఫుట్‌బాల్‌లో 80 శాతం వాటా తీసుకుంటుందన్నారు. జులైలో పేరు బయటికొచ్చింది: ఏటీకే మోహన్ బగాన్. రంగులు మీవే, తెరచాప నావ మీదే, ముందు మూడక్షరాలు మావి. ఆ సాయంత్రం పెదనాన్న అన్న మాట నేనెప్పటికీ మరిచిపోను. "ఆరేళ్ళ పిల్లాడు నూట ముప్ఫై ఏళ్ళ తాతని దత్తత తీసుకుని ఇంటిపేరు మార్చాడ్రా." మనకి ఇంటిపేరు ముందుంటుంది కదా. మిగతా దేశం ఆ పేరుని ఎలా చదివిందో గానీ, తెలుగువాడి చెవికి అది అచ్చం అలాగే వినిపించింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది.

అదే ఏడాది ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మచిలీపట్నంలో పట్టాభిగారు పెట్టిన బ్యాంకు. మా అమ్మ పాసుబుక్కు మారింది, బోర్డు మారింది, కౌంటర్లో మనుషులు కూడా మారారు. ఈరోజుకీ మా అమ్మ "ఆంధ్రా బ్యాంకుకి వెళ్ళొస్తా" అనే బయల్దేరుతుంది. ఎవరూ ఆమెని సరిదిద్దరు. పేరు పోవడమంటే ఏంటో ఈ ఊళ్ళో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

కాబట్టి మీ కోపం న్యాయమే. ఈ మాట అప్పుడు అనలేదు, ఇప్పుడు రాసి ఇస్తున్నాను. 1889 ఆగస్టు 15న పుట్టిన క్లబ్బు. 1911లో ఉత్తికాళ్ళతో ఆడి ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటుని 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచిన క్లబ్బు. దాని పేరుకి ముందు ఏ మూడక్షరాలు తగిలించినా తప్పే. కలకత్తాలో బ్యానర్లు కట్టి "రిమూవ్ ఏటీకే" అన్నప్పుడు, మీరు ఇక్కడ మేడ గోడ మీద సుద్దతో అదే రాసినప్పుడు, నేను ఉడుక్కుని రెండు నెలలు రాలేదు. ఉడుక్కోవాల్సింది మీ మీద కాదు. రెండు గుంపుల్లో ఎవర్నీ ఒక్క ముక్క అడక్కుండా బోర్డు గదిలో కూర్చుని పేరు రాసినవాళ్ళ మీద.

2023 మార్చి 18, గోవా ఫతోర్దాలో ఐఎస్ఎల్ ఫైనల్లో బెంగళూరు మీద పెనాల్టీల్లో గెలిచాక ఓనరు సంజీవ్ గోయెంకా వచ్చే సీజన్ నుంచి మోహన్ బగాన్ సూపర్ జెయింట్ అని ప్రకటించాడు. మన మేడ మీద గెలుపు కేకల కంటే ఆ ప్రకటనకే పెద్ద కేక లేచింది. నేనూ చప్పట్లు కొట్టాను. ఎవరూ చూసినట్టు లేరు. (వెనకాల ఆ "సూపర్ జెయింట్" మాత్రం ఎందుకో నాకింకా అర్థం కాదు. ఆయనదే అయిన లక్నో క్రికెట్ జట్టు తోక తెచ్చి ఫుట్‌బాల్ క్లబ్బుకి అతికించారు. ముందు తోసేసి వెనకాల తగిలించినా మీరు ఒప్పుకున్నారు. మా అక్షరాలకి ఉన్న దోషం ఆ తోకకి లేదా?)

ఇప్పుడు మూడో కప్పు. 2020 మార్చి 14న ఫతోర్దాలో ఏటీకే, చెన్నైయిన్ ఫైనల్. 3-1. హవీ హెర్నాండెజ్ రెండు, ఎదూ గార్సియా ఒకటి. కోవిడ్ మూలంగా స్టేడియంలో ఒక్క ప్రేక్షకుడూ లేడు. ఆటగాళ్ళు అరుచుకోవడం టీవీలో వినిపించింది. ఖాళీ కుర్చీల ముందు కప్పు ఎత్తారు. ఏటీకే అన్న పేరుతో ఆ జట్టు ఆడిన ఆఖరి మ్యాచ్ అదే. నాలుగు రోజుల ముందే మోహన్ బగాన్ కూడా కల్యాణిలో ఐజ్వాల్‌ని ఓడించి తను అప్పట్లో ఆడే ఐలీగ్‌లో కప్పు ఖాయం చేసుకుంది. ఇద్దరం ఛాంపియన్లుగానే ఒకే గడప తొక్కాం. మీ పేరు కోసం మూడేళ్ళు పోరాడటానికి లక్షలమంది ఉన్నారు. మా పేరు పోయినప్పుడు ఒక్క బ్యానరూ లేవలేదు. లేవాలని కాదు. ఆరేళ్ళ క్లబ్బుకి ఎవరేడుస్తారు? కానీ చావు ఇంటికి వచ్చి "మీవాడు మంచివాడే" అని ఒక్క ముక్క అంటారు కదా, అది కూడా ఎవరూ అనలేదు. పైగా ఉన్నవాళ్ళని వెనక వరసలో కూర్చోబెట్టారు.

2025 ఏప్రిల్ 12 రాత్రి గుర్తు చేస్తాను. బెంగళూరుతోనే ఫైనల్, సాల్ట్ లేక్‌లో. ప్రొజెక్టర్ ముందు దుప్పటి గాలికి ఎగురుతుంటే కింది అంచుకి రెండు ఇటుకలు కట్టారు. నేను మా మేనల్లుణ్ణి తీసుకొచ్చాను. హుద్‌హుద్ ఏడాదే పుట్టినవాడు. నా ఒంటి మీద పాత చారల జెర్సీ, వాడి ఒంటి మీద మీ మెరూన్. 49వ నిమిషంలో మన అల్బెర్టో కాలికే తగిలి బంతి మన గోల్‌లో పడింది. ముందు వరస నుంచి ఒకడు వెనక్కి తిరిగి, "వెనకాల ఏటీకే వాళ్ళ దిష్టి తగిలిందిరా" అన్నాడు. నలుగురు నవ్వారు. సరదాకే అన్నాడని నాకూ తెలుసు. మేనల్లుడు నా చెయ్యి లాగి, "మావయ్యా, ఏటీకే అంటే వేరే టీమా?" అన్నాడు. కాదురా, మన టీమే, పాత పేరు అన్నాను. "మరి మనల్నెందుకు తిడుతున్నారు?"

మిరపకాయ బజ్జీ వాడి చేతిలో పెట్టాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

72లో కమ్మింగ్స్ పెనాల్టీతో సమానం. ఎక్స్‌ట్రా టైంలో, 96వ నిమిషంలో మెక్‌లారెన్ గోల్ కొట్టగానే ఆ దిష్టి అన్న తమ్ముడే కుర్చీలు తన్నుకుంటూ వెనక్కొచ్చి నన్ను వాటేసుకున్నాడు. ఒళ్ళంతా చెమట, నోట్లో బజ్జీ. ఒక పది సెకన్లు అలాగే ఎగిరాం. తర్వాత నా జెర్సీ కనబడింది కాబోలు, భుజం మీద ఒకసారి తట్టి ముందుకి వెళ్ళిపోయాడు. ఆ పది సెకన్లు నిజమా, తర్వాత తట్టింది నిజమా అని నేను ఇంటికి నడుస్తూ చాలాసేపు ఆలోచించాను.

ఇది మన ఒక్కళ్ళ గొడవ కాదు. జపాన్‌లో యోకొహామా ఊళ్ళో రెండు జట్లు ఉండేవి, మారినోస్, ఫ్లూగెల్స్. 1998లో డబ్బు చాలక రెండింటినీ కలిపేస్తామన్నారు. ఫ్లూగెల్స్ ఎంపరర్స్ కప్‌లో ఒక్కో మ్యాచ్ గెలుచుకుంటూ పోయి, 1999 జనవరి 1న ఫైనల్ కూడా గెలిచి, కప్పుతో పాటే మాయమైపోయింది. కలిసిన జట్టు పేరులో వాళ్ళ గుర్తుగా ఒక్క ఇంగ్లీషు అక్షరం పెట్టారు: యోకొహామా ఎఫ్. మారినోస్. ఆ ఒక్క "ఎఫ్"తో సరిపెట్టుకోలేని ఫ్లూగెల్స్ అభిమానులు చందాలు వేసుకుని యోకొహామా ఎఫ్‌సీ అని సొంత క్లబ్బు పెట్టుకున్నారు. మీ దారి చూస్తే వాళ్ళ దారే. తేడా ఏంటంటే మీ పేరు మీకు తిరిగొచ్చింది.

ఇటలీలో జెనోవావాళ్ళు వేరేలా చేశారు. 1946లో సాంపియర్‌దరెనేజె, ఆండ్రియా డోరియా కలిసి సాంప్‌డోరియా అయ్యాయి. ఒకళ్ళ నీలం తెలుపు, ఇంకొకళ్ళ ఎరుపు నలుపు, అన్నీ ఒకే చొక్కా మీద పట్టీలుగా కుట్టేశారు. ఆ జెర్సీ ఇప్పటికీ అదే. మనవాళ్ళు చొక్కా మీద చెయ్యాల్సిన పని పేరు మీద చేశారు.

అంత దూరం ఎందుకు, డెక్కన్ ఛార్జర్స్ ఉంది కదా. 2009లో జోహానెస్‌బర్గ్‌లో గిల్‌క్రిస్ట్ ఎత్తిన కప్పు. 2012లో మన స్టేడియంలో కూడా ఆడారు, మనలో కొందరం వెళ్ళాం. ఆ ఏడాదే జట్టు పోయింది, తర్వాత సన్‌రైజర్స్ వచ్చింది. ఇప్పుడు పాత ఛార్జర్స్ టీషర్టు వేసుకుని ఎవడైనా సన్‌రైజర్స్ మ్యాచ్‌కి వస్తే "నువ్వు వెనక కూర్చో" అంటామా? "అరే, ఎక్కడ దొరికిందిరా ఇది" అని సెల్ఫీ తీసుకుంటాం. ఎర్రచారలకి మాత్రం ఆ మర్యాద ఎందుకు లేదు?

మా వాళ్ళ తప్పులు లేవని కాదు. 2020లో "మా డబ్బు లేకపోతే మీరు ఐఎస్ఎల్ గేటు దగ్గరే నిలబడేవాళ్ళు" అని మీటింగులో అరిచింది మా బ్యాచ్‌లో ఒకడే. ఎవడి డబ్బు? ఆ గ్రూపులో వాడికి ఒక్క షేరూ లేదు, వాడిది అప్పటికి ఈఎంఐ బతుకు. ఓనర్ల డబ్బు చూసుకుని అభిమాని రొమ్ము విరుచుకోవడం కన్నా వెర్రి లేదు. ఆ మాటకి మా ముగ్గురి తరఫున క్షమాపణ చెబుతున్నాను. అన్నవాడు బెంగళూరు వెళ్ళిపోయాడు, ఇప్పుడు బెంగళూరు ఎఫ్‌సీ జెర్సీ వేసుకుంటున్నాడు. వాణ్ణి మీరేమన్నా నాకు అభ్యంతరం లేదు.

2024 ఆగస్టు 18 కూడా మీకు గుర్తుండాలి. ఆర్జీకర్ ఆస్పత్రి ఘోరం తర్వాత డ్యూరాండ్ కప్‌లో ఆ రెండు క్లబ్బుల మధ్య డెర్బీ మ్యాచ్ రద్దు చేస్తే, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జెండాలు ఒకే రోడ్డు మీదికి వచ్చాయి. ఆ వీడియోలు చూసి పెదనాన్న కళ్ళు తుడుచుకున్నాడు, "పులస వాళ్ళు కూడా మంచోళ్ళేరా" అన్నాడు. నూరేళ్ళ శత్రువులు ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు ఎక్కి నినాదాలిచ్చారు. మనం ఒకే జట్టు వాళ్ళం, ఒకే వరసలో కూర్చోవడానికి రూలు అడ్డం.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఆ మెసేజ్ తీసెయ్యండి. మూడు ఏటీకే కప్పుల్ని మోహన్ బగాన్ లెక్కలో కలపమని అడగను, కలపకూడదు కూడా. అవి మీవి కావు, నాకు తెలుసు. మావి అని చెప్పుకోవడానికి మాత్రం మమ్మల్ని వదిలెయ్యండి. వరసలు ముందొచ్చినవాడికి ముందు, అంతే. "ఏటీకే వాడు" అని పిలవాలనిపిస్తే పిలవండి, తిట్టులా కాకుండా ఇంటిపేరులా.

ఇంకొక్క సంగతి. మీరు వద్దన్న ఆ చారల జెర్సీ నేను ఆన్‌లైన్లో కొన్నది కాదు. 2015లో ఖరగ్‌పూర్‌లో పెళ్ళికి వెళ్ళినప్పుడు పెదనాన్న పని గట్టుకుని కలకత్తా దాకా వెళ్ళాడు. ఎస్ప్లనేడ్ దగ్గర జెర్సీలమ్మే కొట్లో అరగంట బేరమాడి కొన్నాడట. కొట్టువాడితో "మా వెధవ కోసం, నాకు కాదు" అని రెండుసార్లు చెప్పానన్నాడు. సంచిలో అడుగున, తన మెరూన్ కండువా కింద దాచి కోరమండల్‌లో తెచ్చాడు. తెచ్చి నా మొహాన విసిరేసి, "ఉతికితే రంగు పోతుంది, వేరేగా నానబెట్టు" అన్నాడు.

నమ్మకపోతే శనివారం ఆయన్నే అడగండి, నీలం కుర్చీలో ఉంటాడు. ఆ జెర్సీ వేసుకుని నేనూ వస్తాను, మేనల్లుడూ వస్తాడు. ఈసారి రొయ్యలు నేను తెస్తున్నాను, స్టవ్ ఎవరైనా చూసుకోండి.

ఇట్లు,
గాజువాక వాళ్ళిద్దరి తరఫున కూడా,
మీ ఏటీకే వాడు